వెనక మూత తీయనివ్వని టీవీ

ఆ ఉదయం డాక్టరమ్మ రిమోట్ నొక్కగానే టీవీ అడుగున ఎర్రదీపం రెండుసార్లు రెప్పలార్చింది, లోపలెక్కడో టక్కుమంది, అంతే. తెర నల్లగానే ఉంది. ఇంకోసారి నొక్కింది. మళ్లీ రెప్పలార్చడం, మళ్లీ టక్కు. పొయ్యి మీద పాలు పొంగే వేళకి కూడా అదే వరస. చివరికి పాలైనా దక్కించుకుందామని ఆమె రిమోట్ సోఫాలో పడేసి వంటింట్లోకి పరుగెత్తింది.

డాక్టరమ్మ అంటే నాడి పట్టి మందిచ్చే మనిషి అనుకునేరు. తలనొప్పి వస్తే ఏ మాత్ర వేసుకోవాలో ఆమెకి పక్కింటావిడ చెప్పాల్సిందే. వీధి చివర టీవీలు బాగుచేసే దుకాణం ఆమె భర్తది. ఏళ్ల తరబడి ఆ చుట్టుపక్కల ఏ ఇంట్లో టీవీ మూలిగినా ఆయనే దిక్కు. మూత తీయకముందే చెవి ఒగ్గి విని, జబ్బు ఫలానా అని చెప్పేసేవాడు. అలా వీధికంతటికీ టీవీ డాక్టరయ్యాడు. ఆయన డాక్టరు కాబట్టి ఈమె డాక్టరమ్మ అయింది. చదవకుండా వచ్చిన పట్టా అని ఆమే అందరితో చెప్పి నవ్వుతూ ఉంటుంది.

అలాంటి ఇంట్లో టీవీ పడకేస్తే కంగారేముంటుంది? టీ చల్లారేలోపు లేపి కూర్చోబెడతాడనుకుంది. ఆయన వచ్చి, రిమోట్ ఒక్కసారి నొక్కి విన్నాడు. "పవర్ బోర్డు. చూద్దాంలే," అన్నాడు. టీ సగం గ్లాసే పొయ్యమని, ఆ సగం కూడా గ్లాసుని రెండు చేతులా పట్టుకుని తాగి, దుకాణానికి వెళ్లిపోయాడు.

ఈమధ్య ఆయన వాలకమే అంత. నిగనిగలాడేలా గీసుకునే గడ్డం వదిలేశాడు. ఇస్త్రీ చొక్కాలు బీరువాలో పడుండగా, తల మీంచి తొడుక్కునే టీషర్టులకి దిగాడు. దుకాణంలో కూడా సగం పనులు ఒప్పుకోవడం లేదట, ఇలాంటి పల్చటి టీవీలు బాగుచెయ్యడం దండగని వచ్చినవాళ్లని వచ్చినట్టే పంపేస్తున్నాడట. ఇదంతా కూతురి మీద బెంగేనని డాక్టరమ్మ తీర్మానించేసుకుంది. అంత బెంగ ఉన్నవాడు ఒక్క మాట నోరు తెరిచి పిలవొచ్చు కదా అని ఆమెకి లోపల ఉడుకుమోత్తనం.

ఆ కూతురు ఒక్కగానొక్క పిల్ల. చిన్నప్పుడే చెవి వెనక టెస్టరు దోపుకుని, ఇంట్లో ప్రతి ప్లగ్గులోనూ కరెంటు ఉందో లేదో చూస్తూ తిరిగేది. వద్దన్న చోటే పెట్టేది. అప్పట్నుంచి తండ్రికి అది టెస్టరే. స్కూలు అయ్యాక బొమ్మలతో కాక పాత బోర్డులతో ఆడింది, చదువు అయ్యాక నేరుగా వచ్చి తండ్రి బెంచీ పక్కన ఇంకో స్టూలు వేసుకుంది. ఇద్దరూ ఒకే బల్బు కింద తలలు వంచి పనిచేస్తుంటే, భోజనం పట్టుకెళ్లిన డాక్టరమ్మ కాసేపు గుమ్మంలోనే నిలబడి చూసేది. పిలిస్తే ఇద్దరూ ఒకేసారి, ఒకే విసుగుతో తలెత్తేవాళ్లు.

ఆ స్టూలు ఖాళీ అయింది ఒక్క మాట మీద. బాగుచేసి పంపిన టీవీ ఒకటి మళ్లీ మళ్లీ తిరిగొచ్చింది. తెచ్చినాయన ఎదురుగానే పిల్ల మూత తీసి చూసి, నాన్నా, ఇక్కడ అతుకు సరిగ్గా పడలేదు, అందుకే పోతోంది అంది. అంతే, ఆయన ఒంటికాలి మీద లేచాడు. నా సోల్డరింగుకి వంక పెట్టేంతదానివయ్యావా, అతుకు పనే లేకుండా బోర్డులు మార్చుకుంటూ బతికే కంపెనీలున్నాయి, పోయి అక్కడ చేరు, నా బెంచీ మీద మాత్రం చెయ్యి వెయ్యకు అన్నాడు. కూతురికీ తండ్రి ముక్కే, తండ్రి కోపమే. చెప్పినట్టే వెళ్లి చేరింది. ఊరికి అవతలి వైపు ఇంకో అమ్మాయితో కలిసి గది తీసుకుంది.

తల్లీకూతుళ్లు కూరగాయల మార్కెట్ దగ్గర బస్సు ఆగే చోట బెంచీ మీద అప్పుడప్పుడూ కలుసుకునేవాళ్లు. ఒళ్లో సంచులు పెట్టుకుని, వచ్చే బస్సు వైపు ఒక కన్నేసి మాట్లాడుకునే మాటలు ఏం మాటలు? చిక్కిపోయావే అనేలోపు బస్సు వచ్చేసేది. ఇంటికి రావే అని బతిమాలితే, నాన్న తన నోటితో రమ్మంటే వస్తానంటుంది పిల్ల. ఆ సంగతి ఈయన చెవిన వేస్తే, తన ఇంటికి తను రావడానికి పిలుపులేంటి అంటాడు. డాక్టరమ్మ ఇద్దరి మధ్యా నలిగిపోయింది. గదిలో పిల్ల మంచం మీద దుప్పటి మాత్రం ఎప్పటికప్పుడు ఉతికి పరిచేది. పరుస్తున్నప్పుడు ఏడుపొస్తే ఎవరూ చూడరు కాబట్టి అక్కడే కానిచ్చేసేది.

*

చూద్దాంలే అన్న మాట ముసలిదైపోయింది కానీ టీవీ లేవలేదు. ఒకరోజు డాక్టరమ్మ మార్కెట్ నుంచి వచ్చేసరికి హాల్లో కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. అయినా అతుకులు వేసేటప్పుడు కాలే రోజనం వాసన ముక్కుకి తగిలింది. ఆ వాసనతోనే ఇన్నేళ్లు కాపురం చేసింది, ఆమెకి తెలియకపోవడమేంటి. టీవీ గోడకి ఎప్పటిలాగే ఉంది. ఎర్రదీపం ఎప్పటిలాగే రెప్పలార్చింది. ఆయన తల తిప్పకుండానే, "చూశాను. దానికి ఆయుష్షు తీరింది. వదిలెయ్," అన్నాడు.

మేడ మీంచి పడ్డ టీవీలని బతికించిన మనిషి పవర్ బోర్డు దగ్గర చేతులెత్తేయడమేంటో ఆమెకి అర్థం కాలేదు. ఇది కూడా బెంగే కాబోలనుకుని సరిపెట్టుకుంది.

నిజానికి ఆమెకి టీవీ పిచ్చేమీ లేదు. సీరియల్లో అత్తాకోడళ్లు కొట్టుకుంటే ఈమెకి కూరలో ఉప్పు తక్కువైపోయేది, అంతవరకే సంబంధం. కానీ పిల్ల వెళ్లిపోయాక ఆ ఇంట్లో మనిషి గొంతనేది వినిపించేది ఆ పెట్టెలోంచే. ఇప్పుడది కూడా మూగబోయాక, చెంచా కింద పడితే ఇల్లంతా వినిపిస్తోంది. గోడ గడియారం ఇంత చప్పుడు చేస్తుందని ఆమెకి ఇన్నాళ్లూ తెలియదు. ఆ నిశ్శబ్దంలో కూర్చుని బెండకాయలు తరుగుతుంటే ఒక ఆలోచన తట్టింది. టీవీ ఏ కంపెనీదో, పిల్ల పనిచేసేది ఆ కంపెనీ సర్వీసు సెంటర్లోనే. కూతురిగా రానన్న పిల్ల మెకానిక్కుగా రాక తప్పుతుందా? ఇద్దరి పంతాలూ అలాగే ఉంటాయి, పిల్ల మాత్రం గడప దాటి లోపలికొస్తుంది. ఆమె కత్తిపీట పక్కన పెట్టి ఫోను అందుకుంది.

మొదట వచ్చినాయన నల్ల సంచీతో వచ్చాడు. తలుపు తీసేటప్పుడు దడదడలాడిన ఆమె గుండె, ఆయన మీసాలు చూడగానే చల్లబడిపోయింది. అయినా మర్యాదకి మంచినీళ్లిచ్చింది. ఆయన పద్ధతిగానే చేసుకొచ్చాడు. ముందు ఆ ప్లగ్గులో టేబుల్ ఫ్యాన్ పెట్టి తిరుగుతోందో లేదో చూశాడు. స్టెబిలైజరు తప్పించి టీవీని నేరుగా గోడకి తగిలించాడు. రిమోట్ బ్యాటరీలు మార్చాడు. రిమోట్ వదిలేసి టీవీ పక్కనున్న బటన్ నొక్కాడు. వెనకున్న కేబుళ్లన్నీ పీకేశాడు. ప్లగ్గు తీసేసి బటన్ని కాసేపు అలాగే నొక్కిపట్టి, లోపల మిగిలిన కరెంటు దిగిపోయాక మళ్లీ పెట్టాడు. తెర మీదకి టార్చి కొట్టి, వెనక నీడలాగా బొమ్మేమైనా కదులుతోందేమో వెతికాడు. అంతసేపూ డాక్టరు చేతులు రెండూ చంకల్లో బిగించి కట్టుకుని, గోడకి ఆనుకుని ఊరుకున్నాడు. టీవీని దించి సోఫా మీద బోర్లా పడుకోబెట్టి, ఆయన స్క్రూడ్రైవరు తీశాడో లేదో, డాక్టరు అడ్డుగా వచ్చి నిలబడ్డాడు.

"చాలు. ఇక మీరు వెళ్లొచ్చు," అన్నాడు.

వెనక మూత తీయకుండా ఎలా తెలుస్తుందని ఆయన నసిగాడు. తెలియక్కర్లేదన్నాడు డాక్టరు. నల్ల సంచీ ఆయన డాక్టరమ్మ వంక ఒకసారి, టీవీ వంక ఒకసారి చూసి సామాను సర్దుకున్నాడు.

డాక్టరమ్మ మళ్లీ ఫోను చేసింది. ఈసారి కళ్లజోడాయన వచ్చాడు. ప్లగ్గు, బ్యాటరీలు, బటన్, టార్చి, అన్నీ మొదట్నుంచీ చేశాడు. స్క్రూడ్రైవరు బయటికి రాగానే డాక్టరు మళ్లీ వెళ్లమన్నాడు. ఆ తర్వాత వచ్చినాయన కాస్త గట్టివాడు, కంప్లైంట్ ఇచ్చింది మేడం కదా, ఆవిడని చెప్పనివ్వండి అన్నాడు. డాక్టరు ఆ గట్టివాడి సంచీ తనే పట్టుకెళ్లి గుమ్మం బయట పెట్టి వచ్చాడు.

ఆ తలుపు మూసుకున్నాక డాక్టరమ్మకి ఆగలేదు. ఇన్నాళ్లుగా మింగిందంతా ఒక్కసారి గొంతులోకొచ్చింది.

"ఏమండీ, అది కంపెనీలో చేరిందని మీకు ఆ కంపెనీ వాళ్లంటేనే ఒళ్లుమంట. కాదనను. కానీ ఇంటికొచ్చిన మనిషిని కుక్కని తరిమినట్టు తరుముతారా?"

"నేను పిలవమన్నానా వాళ్లని?"

"నేనే పిలిచాను. రేపు కూడా పిలుస్తాను. టీవీ కోసమనుకుంటున్నారా మీరు?" "ఎప్పటికో ఒకప్పటికి దాన్ని పంపుతారని పిలుస్తున్నాను. బెల్లు మోగినప్పుడల్లా అదేనేమోనని పరుగెత్తుకెళ్తున్నాను. నాకు టీవీ బాగుపడక్కర్లేదండీ. నాకు నా పిల్ల కావాలి. మీకు అక్కర్లేకపోతే మానండి, నాకు కావాలి."

మాటకి మాట అంటాడనుకుని నడుం బిగించి నిలబడ్డ ఆమెకి, ఆయన అలా కుర్చీలో కూలబడటం చూసి ఏమనాలో తోచలేదు. చేతులు ఇంకా చంకల్లోనే ఉన్నాయి.

"అదొస్తే అది కూడా మూత తీస్తుంది కదా," అన్నాడు చివరికి, ఆమెతో కాదు, తనలో తను. ఆమెకి ఆ మాట తలా తోకా తెలియలేదు. అడిగితే లేచి దుకాణానికి వెళ్లిపోయాడు.

*

సర్వీసు సెంటర్లో ఆ ఇంటి సంగతి అప్పటికే కథలు కథలుగా చెప్పుకుంటున్నారు. స్క్రూడ్రైవరు చూస్తే చాలు, ఒక పెద్దాయన మీద పడతాడట, ఆ వైపు వెళ్లమంటే ఎవరూ కదలడం లేదట. ఆడపిల్ల వెళ్తే కాస్త మెత్తబడతాడేమోనని వాళ్ల పెద్ద మెకానిక్కు అనుకున్నాడు. ఆ ఆడపిల్ల అడ్రసుని ఒకటికి రెండుసార్లు చదువుకుంది. తర్వాత సరే వెళ్తానంది. ఇదంతా డాక్టరమ్మకి ఆ తర్వాతెప్పుడో తెలిసింది.

బెల్లు మోగితే ఆమె ఈసారి పరుగెత్తలేదు. పరుగెత్తి పరుగెత్తి అలిసిపోయింది. తడిచెయ్యి తువ్వాలుకి తుడుచుకుంటూ వెళ్లి తలుపు తీసింది. ఎదురుగా నీలం చొక్కా, భుజాన సంచీ, జేబు మీద కంపెనీ బిళ్ల.

"టీవీ కంప్లైంట్ ఇచ్చింది ఇక్కడేనా అండీ?" అంది టెస్టరు.

డాక్టరమ్మకి అమాంతం కౌగిలించుకోవాలనిపించింది. పిల్ల కళ్లు మాత్రం వద్దమ్మా, ఇప్పుడు కాదు అంటున్నాయి. ఆమె "ఇక్కడేనమ్మా, రండి," అని పక్కకి తప్పుకుంది. కన్నకూతుర్ని రండి అనడం ఆమె జీవితంలో అదే మొదలు.

లోపల ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఆయన ముఖంలోకి ఒక వెలుగు వచ్చింది, వచ్చినంత వేగంగా ఆయనే దాన్ని ఆర్పేసుకున్నాడు. చేతులు వెళ్లి చంకల్లో దూరాయి. పిల్ల ఆ గడ్డం వంక ఒక క్షణం ఎక్కువగా చూసి, సంచీ దించింది.

"ఏంటి సార్ ప్రాబ్లం?"

"స్టాండ్‌బై వస్తోంది. ఆన్ కొడితే బ్లింక్ అవుతోంది."

"ఎన్నిసార్లు?"

"రెండు. ఆగి మళ్లీ రెండు."

"రిలే పడుతోందా?"

"పడుతోంది. నిలబడటం లేదు."

"వేడెక్కాక ఏమైనా తేడా ఉందా సార్?"

"పూర్తిగా పోకముందు కాసేపు ఆగి వెలిగేది. ఇప్పుడు అదీ లేదు."

డాక్టరమ్మకి అందులో ఒక్క ముక్కా బోధపడలేదు. అయినా చెవులు రిక్కించి వింది. ఈ ఇంట్లో ఆ రెండు గొంతులూ ఒకదాని వెనక ఒకటి వినిపించి ఎన్నాళ్లయింది? వాళ్లు రోజంతా అలా రిలేలు, బ్లింకులు చెప్పుకుంటున్నా ఆమె గోడకి ఆనుకుని వింటూ ఉండిపోయేది. పిల్ల ప్లగ్గులు, బ్యాటరీలు ముట్టుకోలేదు. అవన్నీ ఇక్కడ ఎప్పుడో అయిపోయి ఉంటాయని దానికి తెలుసు. టీవీని దించి బోర్లా పడుకోబెట్టి స్క్రూడ్రైవరు తీసింది.

"మూత తీయక్కర్లేదు," అన్నాడాయన.

"తీయకుండా ఎలా సార్?"

"దానికి ఆయుష్షు తీరింది. రాసుకుని వెళ్లిపో."

"నేను చూసి చెప్తాను సార్ తీరిందో లేదో."

ఆయన అడ్డంగా వెళ్లబోయాడు. డాక్టరమ్మ వెళ్లి ఆయన మోచెయ్యి పట్టుకుంది. మిగతావాళ్లని పంపేశారు, ఊరుకున్నాను, దీన్ని మాత్రం పంపనివ్వనని గట్టిగా చెప్పింది. ఆమె చేతి కింద ఆయన మోచెయ్యి సన్నగా అదురుతోంది. కోపమనుకుంది ఆమె. ఆయన వెళ్లి కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

స్క్రూలు ఒక్కొక్కటీ వచ్చాయి. మూత లేచింది. పిల్ల వంగి బోర్డుని చూసింది, విప్పి తిరగేసి మళ్లీ చూసింది. పనిలో పడ్డాక దానికి ఎదురుగా ఎవరున్నారో గుర్తుండదు, అదీ తండ్రి పోలికే.

"ఎవరో చెయ్యి పెట్టారు దీన్లో," అంది, కంపెనీ గొంతుతోనే. "కెపాసిటర్లు మార్చారు. సోల్డరింగంతా ముద్దలు ముద్దలుగా పోసేశారు. ఇదిగో, పక్క దానికి కూడా అంటించేశారు, రాగి గీత లేచిపోయింది. కొత్తగా నేర్చుకునేవాళ్లు కూడా ఇంత ఘోరంగా చెయ్యరు సార్. ఎవరికిచ్చారు దీన్ని?"

పిల్ల వేలు ఆ కెపాసిటర్ల కాళ్ల మీద ఆగింది. కాళ్లు లోపలి వైపుకి, ఒకదానికొకటి ఎదురుగా మడిచి ఉన్నాయి. అందరూ బయటికి మడుస్తారు. లోపలికి మడిచేది ఒకే ఒక్క మనిషి. తనకి నేర్పిందీ అలాగే, తను ఈనాటికీ మడిచేదీ అలాగే, అందుకు కంపెనీలో అందరూ నవ్వుతారు కూడా. పిల్ల మెల్లిగా తలెత్తి కిటికీ వైపు చూసింది. డాక్టరమ్మ పిల్ల చూపు వెంట చూసింది.

ఆయన వీపు కదలడం లేదు. చంకలోంచి జారి కిటికీ చువ్వ పట్టుకున్న కుడిచెయ్యి ఒక్కటే దానంతటది వణుకుతోంది.

రెండు చేతులతో పట్టుకునే సగం గ్లాసు టీ, గీసుకోని గడ్డం, గుండీలు లేని బట్టలు, ఒప్పుకోని పనులు, ఒక్కొక్కటీ డాక్టరమ్మ కళ్ల ముందుకొచ్చాయి. ఇన్నాళ్లూ పక్కనే తిరుగుతూ బెంగని పేరు పెట్టి ఊరుకుంది. వీధి డాక్టరమ్మ అంటుంటే నవ్వుకుంది కానీ, ఇంట్లో మనిషి జబ్బు కనిపెట్టలేకపోయింది. ఆమె వెళ్లి సోఫా చేతి మీద కూర్చుంది.

"ఎప్పట్నుంచి నాన్నా?" అంది పిల్ల.

సార్ అన్న మాట ఎక్కడికి పోయిందో. ఆయన తిరగలేదు.

"ఏది?"

"చెయ్యి."

ఆయన కిటికీ వైపే చూస్తూ చెప్పాడు. "ఆ రోజు ఆ టీవీ తిరిగొచ్చింది చూడు. అప్పటికే ఉంది. నువ్వు చెప్పింది నిజమే. అతుకు పడలేదు. ఎలా పడుతుంది, సోల్డరింగ్ కడ్డీ మొనని అతుకు మీద నిలపలేకపోతే?" టీషర్టు భుజానికి ముక్కు తుడుచుకున్నాడు. "నువ్వు పక్కనే కూర్చుంటావు. ఇవాళ కాకపోతే రేపైనా నా చేతికేసి చూస్తావు. చూస్తావని భయమేసింది నాకు. తిడితే పోతావు, చూడవు అనుకున్నాను. అంతవరకే ఆలోచించాను."

"అంతేనా?" పిల్ల చేతిలోని బోర్డు పక్కన పెట్టేసింది. "నేనేదో తప్పు చేశాననుకున్నాను నాన్నా. నీ పరువు తీశానని, నా మొహం చూడటం నీకిష్టం లేదని, రోజూ అదే అనుకుంటూ పడుకున్నాను."

"నీదేం తప్పు లేదు. ఒక్కటి కూడా లేదు." ఆయన ఇప్పుడు తిరిగాడు. కళ్ల నీళ్లు గడ్డంలోకి జారిపోతున్నాయి, దాచుకోవడం మానేశాడు. "నువ్వెళ్లాక ఆ స్టూలు తీసి లోపల పెట్టలేకపోయాను. ఎవరైనా కూర్చోబోతే కసురుకున్నాను. రమ్మని కబురు పెడదామంటే, వస్తే చూస్తుంది. చూడకుండా ఉండాలంటే రాకూడదు. ఇంతకంటే తెలివితక్కువ మనిషుంటాడా?"

ఉండడు అంది డాక్టరమ్మ, ఏడుస్తూనే. ఇద్దరూ ఉలిక్కిపడి చూశారు. ఆమె అక్కడున్న సంగతే మర్చిపోయినట్టున్నారు. నాకు కూడా చెప్పకూడదా అని ఆమె అడిగితే, ఆయన నేల చూపులు చూశాడు. ఇంటికొచ్చిన మెకానిక్కులని కసరడానికి అన్నేసి మాటలున్న మనిషికి పెళ్లాంతో చెప్పుకోవడానికి ఒక్క మాట దొరకలేదన్నమాట. దాని సంగతి తర్వాత తీరిగ్గా చూసుకుందామని ఆమె మనసులో రాసిపెట్టుకుంది.

పిల్ల వచ్చి తండ్రి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి టీవీ పక్కన కూర్చోబెట్టింది. టార్చి తీసి ఆయన చేతిలో పెట్టింది.

"ఇక్కడికి కొట్టు."

ఆయన కొట్టాడు. బోర్డు మీద వెలుగు అటూ ఇటూ ఊగింది. పిల్ల సంచీలోంచి సోల్డరింగ్ కడ్డీ తీసి వేడెక్కించి, ఆ ఊగే వెలుగులోనే పాత ముద్దలు కరిగించి తీసింది. చెడ్డ చోట్లు గీకి శుభ్రం చేసింది. లేచిపోయిన రాగి గీతకి బదులు సన్నటి తీగ వేసింది. పని మధ్యలో ఎడంచెయ్యి చాచి, చూడకుండానే ఆయన మణికట్టు పట్టుకుంది. వెలుగు కుదురుకుంది. ఆ చెయ్యి అలా పట్టుకునే, కుడిచేత్తో అతుకులు వేసింది. అతుకుకి కరిగించే సీసం తీగ మాత్రం డాక్టరమ్మ పట్టుకోవాల్సొచ్చింది. వేలు కాలినా ఆమె వదల్లేదు.

"నువ్వు మార్చిన పార్టులు సరైనవే నాన్నా," అంది పిల్ల, పని ఆపకుండా. "జబ్బు సరిగ్గానే పట్టుకున్నావు."

"చెవులు బానే ఉన్నాయిగా," అన్నాడాయన. ఆ మాటలో పాత డాక్టరు కొద్దిగా కనిపించాడు.

"రేపు మనం అసలు డాక్టరు దగ్గరికెళ్తున్నాం. మనుషుల డాక్టరు."

ఆయన నీళ్లు నమిలాడు. నయం కాదంటే ఏం చెయ్యాలన్నాడు. మూత తీయకుండానే ఆయుష్షు తీరిందని రాసేసుకుంటావా అని పిల్ల అడిగింది. వణుకులన్నీ ఒకటి కావట, కొన్నిటికి మాత్రలతోనే తగ్గుతుందట, వాళ్ల పెద్ద మెకానిక్కు తల్లికి అలాగే తగ్గిందట. తగ్గకపోతే తగ్గకపోయింది, నువ్వు విని చెప్పు, నేను చేస్తాను అంది. ఆయన తల ఊపాడు. వెంటనే ఒప్పుకున్నట్టు కాదు, కాదన్నట్టూ కాదు. కానీ మణికట్టు మాత్రం విడిపించుకోలేదు.

మూత బిగించి, టీవీని గోడకెక్కించి, ప్లగ్గు పెట్టారు. ఎర్రదీపం వెలిగింది. టక్కుమంది. తెర తెల్లబడి, ఎవరో ఎవరితోనో గట్టిగా మాట్లాడటం మొదలుపెట్టారు. ఏం మాట్లాడుతున్నారో ముగ్గురిలో ఒక్కరూ వినలేదు.

పిల్ల నీలం చొక్కా సర్దుకుంది. కాస్త ఇబ్బందిగా నవ్వింది.

"అమ్మా, నీ ఫోనుకి కంపెనీ నుంచి ఒక నంబరు వచ్చి ఉంటుంది. అది చెప్తే కంప్లైంట్ మూసేస్తాను. పని అయిపోయినట్టు లెక్క."

డాక్టరమ్మ ఫోను తీసింది. నంబరు వచ్చి ఉంది, అద్దంలా కనిపిస్తోంది. ఆమె ఫోనుని గుండెలకి అదుముకుని, వెనక్కి ఒక అడుగు వేసింది.

"ఏం రాలేదే."

"వచ్చుంటుందమ్మా, చూడు."

"రాలేదని చెప్తున్నానుగా." పిల్ల చెయ్యి చాచితే ఆమె ఫోను వెనక్కి దాచేసింది. "చెప్తే మూసేస్తావు. మూసేస్తే అయిపోయిందని వెళ్లిపోతావు. నేను మళ్లీ రోజూ బెల్లు వింటూ కూర్చోవాలి. నావల్ల కాదు. తెరిచే ఉండనీ దాన్ని."

పిల్ల చాచిన చెయ్యి దించేసింది. మెల్లిగా తల తిప్పి తండ్రి వంక చూసింది. డాక్టరమ్మ కూడా చూసింది. ఇన్నాళ్లు ఆ ఇంటి గడప దగ్గర ఇరుక్కుపోయిన మాట ఎవరి నోట్లో ఉందో ముగ్గురికీ తెలుసు.

ఆయన కుర్చీ చేతులు పట్టుకుని లేచాడు. వణికే కుడిచెయ్యిని ఈసారి చంకలో పెట్టుకోలేదు. అలాగే చాచి, పిల్ల తల మీద పెట్టాడు.

"ఇంటికి రామ్మా," అన్నాడు. "నేను పిలుస్తున్నాను. వచ్చెయ్."

పిల్ల ఆయన భుజంలో ముఖం దాచుకుంది. డాక్టరమ్మ కళ్లజోడు సవరించుకుని, ఫోను దూరంగా పట్టుకుని, ఒక్కొక్క అంకె కూడబలుక్కుంటూ ఆ నంబరు చదివింది.